రాయలసీమ పేకాట: కర్నూలు, కడప ప్రాంతాల్లో ముక్కల ఆటల చరిత్ర

కర్నూలు, కడప ప్రాంతాల్లో పేకాట అంటే ప్రధానంగా మూడు ఆటలు. ఇళ్లలోనూ క్లబ్బుల్లోనూ సాగే రమ్మీ, ఊరి బయట చెట్ల కింద గుట్టుగా నడిచే మూడు ముక్కలాట, ఒక్క నిమిషంలో తేలిపోయే అందర్ బాహర్. వీటిలో పోకర్‌కు దగ్గరి చుట్టం మూడు ముక్కలాట. ఎవరి చేతిలో పెద్ద ముక్కలున్నాయో తేల్చే వరస రెండింటికీ ప్రాణం. ఆ వరస కంఠతా వచ్చినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు కానీ, అది అలా ఎందుకుందో అడిగితే చెప్పేవాళ్లు తక్కువ.

ఇప్పటి 52 ముక్కల కట్ట రాకముందు దక్కనులో గంజీఫా ఆడేవారు. బాబరు 1527లో సింధులోని షా హసన్‌కు గంజీఫా ముక్కలు పంపినట్టు తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. అక్బరు ఆస్థానంలో ఆడిన గంజీఫాను అబుల్ ఫజల్ వివరంగా నమోదు చేశాడు. మొగలు గంజీఫాలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు. హిందూ చిత్రకారులు దానికి దశావతారాలను జోడించి పది రంగులు, 120 ముక్కలు చేశారు. ముక్కలు గుండ్రంగా ఉంటాయి. గుడ్డను చింతగింజల జిగురుతో పొరలు పొరలుగా అతికించి, సుద్ద పూసి, రంగులు దిద్ది, చివర లక్క పూత వేసేవారు.

ఈ పనికి సీమలో పేరున్న ఊరు నొస్సం. నిన్నమొన్నటి దాకా కర్నూలు జిల్లాలో ఉండి, 2022 విభజనతో నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. నొస్సం చిత్రకారుల రంగుల పని, నంద్యాల లక్క పని బ్రిటిషు కాలంలో బాగా ప్రసిద్ధి. గంజీఫా ముక్కలు చేసిన తెలుగు కేంద్రాలుగా నొస్సం, నిర్మల్ పేర్లు వినిపిస్తాయి. పొరుగున మైసూరులో మూడో కృష్ణరాజ ఒడయారు 19వ శతాబ్దంలో ఇలాంటి ఆటలను తానే కొత్తగా కల్పించాడు. మహారాష్ట్రలోని సావంత్‌వాడిలోనూ ఒడిశాలోనూ ఈ ముక్కలు ఇప్పటికీ తయారవుతున్నాయి. నొస్సానికి ఆ భాగ్యం దక్కలేదు.

దశావతార గంజీఫాను ముగ్గురు ఆడతారు, మనిషికి నలభై ముక్కలు. ప్రతి రంగులోనూ రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. రాజు అన్నింటికన్నా పెద్ద, ఆ తర్వాత మంత్రి. అంకెల దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. సగం రంగుల్లో పది పెద్దది, మిగతా సగంలో ఒకటి పెద్దది. ఆటను పగలైతే రాముడి రంగుతోనూ రాత్రయితే కృష్ణుడి రంగుతోనూ మొదలుపెట్టే ఆచారం ఉంది. ఇందులో ముక్క విలువ దాని మీది బొమ్మను బట్టి, హోదాను బట్టి ముందే ఖాయమై ఉంటుంది. రెండు మూడు ముక్కలు కలిస్తే కొత్త బలం రావడమన్నది లేదు.

యూరపులో యంత్రాల మీద అచ్చయిన చవక కట్టలు 19వ శతాబ్దంలో దిగుమతి కావడంతో సీమలో చేతితో గీసిన ముక్కల కథ ముగిసింది. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు ఊరూరా తెలిసిన మాటలయ్యాయి. తర్వాత పేకాట తెలుగు నాటకంలోకీ చేరింది. ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఆడే పేకాట తెలియని పాఠకుడు ఉండడు. అది ఉత్తరాంధ్ర సంగతి. సీమలో నిలదొక్కుకున్నది మాత్రం మూడు ముక్కలాట. ఉగాదికీ దీపావళికీ పెద్దల కళ్ల ముందే ఆడినా ఎవరూ తప్పుపట్టని ఊళ్లున్నాయి. పండగ దాటితే అదే ఆట కంపచెట్ల చాటుకు వెళ్లిపోతుంది.

మూడు ముక్కలాటకు మూలం ఇంగ్లండులోని బ్రాగ్ అనే ఆట. ఉత్తరాదిలో దాన్నే తీన్ పత్తీ అంటారు. ఆట మొదలయ్యే ముందు అందరూ సమానంగా కొంత బోర్డు వేస్తారు. తలా మూడు ముక్కలు పంచుతారు. ముక్కలు చూడకుండా పందెం కాస్తే బ్లైండు, చూసి కాస్తే సీను. బ్లైండు ఆడేవాడు రూపాయి వేస్తే సీను ఆడేవాడు కనీసం రెండు వేయాలి. చూడనివాడికి సగం ధరకే ఆట దక్కుతుందన్నమాట. ఇష్టం లేనివాడు ముక్కలు బోర్లా పడేసి తప్పుకుంటాడు. చివరికి ఇద్దరు మిగిలినప్పుడే షో, అంటే ముక్కలు చూపించమని, అడగాలి. ఇద్దరివీ సరిసమానమైతే షో అడిగినవాడే ఓడినట్టు.

ఇక వరస. అన్నింటికన్నా పైన ఒకే రకం మూడు ముక్కలు, దాన్ని ట్రయల్ అంటారు. మూడు ఆసులను మించింది లేదు. దాని కింద ఒకే రంగులో వరసగా వచ్చే మూడు, అంటే ప్యూర్ సీక్వెన్సు. ఇస్పేటు ఎనిమిది, తొమ్మిది, పది అలాంటివి. ఆ కింద రంగు కలవని సీక్వెన్సు, దాని కింద వరస లేకుండా రంగు మాత్రం కలిసిన కలరు, ఆ కింద జత, ఏదీ లేకపోతే పెద్ద ముక్క. సీక్వెన్సుల్లో ఆసు, రాజు, రాణి పెద్దవి. ఆసు, రెండు, మూడు వాటి తర్వాతి స్థానంలో ఉంటాయి. ఈ రెండోదాని మీద ఊరికో మాట చెబుతారు కాబట్టి ముక్కలు పంచకముందే తేల్చుకోవడం మేలు.

లెక్క ఇదీ. 52 ముక్కల్లోంచి మూడు ముక్కలు 22,100 రకాలుగా రావచ్చు. అందులో జతలు 3,744, కలర్లు 1,096, మామూలు సీక్వెన్సులు 720. అరుదైన కొద్దీ విలువ పెరగడం ఇక్కడిదాకా సవ్యంగానే ఉంది. పైకి వెళ్లేసరికి తేడా వస్తుంది. ప్యూర్ సీక్వెన్సులు 48 మాత్రమే, ట్రయల్స్ 52. న్యాయంగా చూస్తే ప్యూర్ సీక్వెన్సే పై మెట్టు మీద ఉండాలి. కానీ మూడు రాజులు ఒకేచోట కనబడితే కలిగే జంకు ఈ లెక్కను ఏనాడో ఓడించింది. ఏ జతా వరసా రంగూ లేని చేతులు 16,440. నాలుగు చేతుల్లో మూడు దాదాపు వట్టివే. అందుకే ఈ ఆటలో ముక్కలకన్నా ముఖం ముఖ్యం. ఆసు, తొమ్మిది, నాలుగు పట్టుకుని పందెం రెట్టింపు చేసేవాడికి ఎదుటివాడి చేతిలోనూ ఏమీ ఉండదన్న ధీమా ఉంటుంది, ఆ ధీమాకు ఆధారమూ ఉంది.

ఇక దీని చుట్టమైన పోకర్ 19వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలోని న్యూ ఆర్లియన్సు, మిస్సిసిపీ నది పడవల మీద పెరిగింది. మొదట 20 ముక్కలతోనే ఆడేవారు, తర్వాత పూర్తి కట్ట వచ్చింది. 1970లో లాస్ వేగాస్‌లో మొదలైన ప్రపంచ పోటీ దానికి పెద్ద పేరు తెచ్చింది. ఇందులో చూపించాల్సినవి అయిదు ముక్కలు. ఒకే రంగు సీక్వెన్సు, అందులోనూ పది నుంచి ఆసు దాకా ఉన్నది, శిఖరం. దాని తర్వాత ఒకే రకం నాలుగు, ఆపై మూడూ రెండూ కలిసిన ఫుల్ హౌస్, ఫ్లష్ (కలరు), స్ట్రెయిట్ (సీక్వెన్సు), ఒకే రకం మూడు, రెండు జతలు, ఒక జత.

మూడు ముక్కలకు అలవాటుపడిన సీమ ఆటగాడు పోకర్‌లో దెబ్బతినేది ఫ్లష్, స్ట్రెయిట్ దగ్గరే. అతని అలవాటులో సీక్వెన్సు కలరును కొడుతుంది. ఇక్కడ కలరే సీక్వెన్సును కొడుతుంది. కారణం లెక్కలోనే ఉంది. అయిదు ముక్కలు 25,98,960 రకాలుగా వస్తాయి. అందులో స్ట్రెయిట్లు 10,200, ఫ్లష్‌లు 5,108. మూడు ముక్కల రంగు కలవడం అంత కష్టం కాదు కానీ అయిదింటి రంగు కలవడం మహా కష్టం. మూడు ముక్కలాటలో శిఖరమైన ట్రయల్‌కు కూడా పోకర్‌లో మధ్య మెట్టే, ఆ రకం చేతులు 54,912 ఉన్నాయి మరి.

అందర్ బాహర్‌లో ఇలాంటి వరసే లేదు. ఒక ముక్క తిప్పి పెడతారు. దాని జోడీ లోపల పడుతుందా, బయట పడుతుందా అన్నదే పందెం. ముందు ముక్క పడే వైపు గెలిచే అవకాశం నూటికి 51.5. నేర్చుకోవడానికి ఏమీ లేదు కాబట్టి డబ్బు చేతులు మారేది దీనిలోనే వేగంగా.

రమ్మీ దారి వేరు. పదమూడు ముక్కల్లో జోకరు లేని సీక్వెన్సు ఒకటైనా ఉండాలి. అది లేకుండా దొరికితే ఫుల్ కౌంట్, అంటే గరిష్ఠంగా 80 పాయింట్లు. ఎదుటివాడు ఏం పడేశాడో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవాలి. ఈ తేడా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిపై పెట్టిన కేసులో, 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. ఫ్లష్, బ్రాగ్ వంటి మూడు ముక్కల ఆటలు కేవలం అదృష్టం మీద నడుస్తాయని, రమ్మీ ప్రధానంగా నైపుణ్యమని ఆ తీర్పు సారం. ప్రభుత్వం అప్పీలు ఓడిపోయింది. రమ్మీ క్లబ్బులు ఈ తీర్పును కవచంగా వాడుకున్నాయి. మూడు ముక్కలాటను అదృష్టానికి పూర్తిగా వదిలేయడం కొంచెం తొందరపాటే అనిపిస్తుంది. బ్లైండు ఎప్పుడు ఆపాలో ఎరిగినవాడికీ ఎరగనివాడికీ తేడా లేదనలేం.

ఆ కేసు నాటికి తెలంగాణలో నిజాం కాలపు జూద చట్టం ఉండేది. ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగమైన కర్నూలు, కడప జిల్లాలకు 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం వర్తించేది. 1953 నుంచి మూడేళ్లు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నప్పుడూ అమల్లో ఉన్నది అదే. రెండు ప్రాంతాలకూ కలిపి 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. జూద శిబిరం నడిపినవాడికే కాదు, అక్కడ కూర్చుని ఆడినవాడికీ దాని కింద శిక్ష ఉంది.

ఫోన్లలో రమ్మీ, పోకర్ వచ్చాక రాష్ట్రం 2020లో ఆ చట్టాన్ని సవరించి, పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలకు అడ్డుకట్ట వేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా దానికి లేదు. కాగితం ముక్కలు చేతపట్టి ఆడే ఆట ఆ చట్టం పరిధిలోకి రాదు. ఎదురెదురుగా కూర్చుని ఆడేవాళ్ల మీద కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో పోలీసులు కేసు పెట్టేది 1974 చట్టం కిందే.