దాటిపోయే దారి, చేరుకునే దారి

వానలు వెనకబట్టి కుంటాల జలపాతం నిండుగా దూకే రోజుల్లో, సెలవు దొరికితే చాలు, హైదరాబాద్ కార్లు సోన్ దగ్గర గోదావరి దాటి ఉత్తరానికి సాగుతాయి. నిర్మల్ మీదుగా మహబూబ్ ఘాట్ ఎక్కి, నేరడిగొండ దగ్గర కుంటాలకో, బోథ్ వైపు పొచ్చెరకో మళ్లుతాయి. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లు ఉట్నూరు మీదుగా కెరమెరి ఘాట్ దిగి జోడేఘాట్ చూసొస్తారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చేవాళ్లు ధర్మపురి, మంథని, కాళేశ్వరం కలుపుకొని నది వెంట తిరుగుతారు. టేకు అడవి మధ్య మెలికలు తిరిగే ఈ రోడ్లను చూస్తే ఎవరో అందం తెలిసినవాళ్లు చూపుల కోసమే వేశారనిపిస్తుంది. చరిత్ర మాత్రం వేరే మాట చెబుతుంది. ఉత్తర తెలంగాణలో పెద్ద దారులన్నీ మొదట ఈ సీమను దాటిపోవడానికి వేసినవి, లేదా ఇక్కడి సరుకును బయటికి తరలించడానికి వేసినవి. ఇక్కడి ఊళ్లకు, గూడేలకు చేరుకునే దారులు అన్నిటికంటే చివర వచ్చాయి, కొన్ని ఇంకా రాలేదు. ఈ వరుస తెలిస్తే ఇప్పుడు ఇక్కడ ఏ రోడ్డు ముందు వేయాలో, విహారానికి వచ్చినవాళ్లు ఎలా మసలుకోవాలో కూడా తెలుస్తుంది.

ముందు నేల తీరు చూడాలి. కొండల్ని చీల్చుకుంటూ పోయే గోదావరి అనగానే మనకు పాపికొండలు గుర్తొస్తాయి. అక్కడ నది తూర్పు కనుమలను కోసుకుంటూ సాగుతుంది, ఒడ్డున రోడ్డుకు చోటు లేక పడవే దిక్కవుతుంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మధ్య సరిహద్దుగా పారే గోదావరి అలాంటిది కాదు. ఇక్కడ నది వెడల్పు ఎక్కువ, వేసవిలో నీటికంటే ఇసుకే ఎక్కువ. కొండల్ని కోసే పని ఇక్కడ ఉపనదులు, వాగులు చేస్తాయి. సహ్యాద్రి పంక్తిగా, సాత్మాల కొండలుగా పిలిచే శ్రేణి ఆదిలాబాద్‌ను వాయవ్యం నుంచి ఆగ్నేయానికి అడ్డంగా పరుచుకుని ఉంది. కడెం నది దాని మధ్యనుంచి దారి చేసుకుంటూ కుంటాల దగ్గర సుమారు 150 అడుగులు కిందికి దూకుతుంది. అందువల్ల దక్కన్ నుంచి నాగపూర్ వైపు పోవాలనుకున్నవాడికి లోయ వెంబడి సులువుగా నడిచే వీలు దొరకలేదు. నది దాటాలి, ఆపైన కొండ ఎక్కాలి. ఆ ఎక్కే చోటు ముంగిట నిర్మల్ ఉంది. ఊరి చుట్టూ కోటలు, బురుజులు అన్ని ఎందుకున్నాయన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది: కనుమను పట్టుకున్నవాడి చేతిలోనే రాకపోకలన్నీ ఉంటాయి.

పంతొమ్మిదో శతాబ్దం నడుమ కొందరు ఇంజనీర్లకు ఈ కొండ ఎక్కే కష్టం లేకుండా నదినే దారిగా మార్చవచ్చని తోచింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఆ ఆలోచనకు పెద్ద వకాల్తాదారు. నాగపూర్, బేరార్ ప్రాంతాల పత్తి వార్ధా, ప్రాణహిత మీదుగా గోదావరిలోకి, అక్కడినుంచి సముద్ర తీరానికి పడవల మీద చేరాలన్నది ఊహ. 1860లో ఇంగ్లీషువాళ్లకూ నిజాంకూ జరిగిన ఒప్పందంలో గోదావరి ఎడమ గట్టు తాలూకాలు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాయి. నది మీద సుంకాలు లేకుండా సరుకు రవాణా చేసుకునే హక్కు కూడా వాళ్లకు దక్కింది. కాళేశ్వరానికి ఎదురుగా ఉన్న సిరొంచ కొత్తగా ఏర్పడిన ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రమైంది. కెప్టెన్ హేగ్ ఆధ్వర్యంలో దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి దగ్గర రాతి అడ్డంకులను దాటించే ఆనకట్టలు, లాకులు, కాలువల పనులు సాగాయి. అదే సమయంలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి లంకాషైర్ మిల్లులకు పత్తి కరువైంది కాబట్టి పనికి ఊపూ వచ్చింది. తీరా 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరేసరికి నది లెక్క తలకిందులైంది. ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లుండే దారితో ఏడాది పొడవునా నడిచే రైలుకు పోటీ ఏముంటుంది? 1871లో పనులు ఆపేశారు. ఆ పథకానికి ప్రాణం పోసింది నాగపూర్ పత్తి, ఊపిరి తీసింది నాగపూర్ రైలు. ఒడ్డునే ఉన్న చెన్నూరు, మంథని అవసరాలు ఆ తూకంలో పడలేదు. నది దారి మొదలవడానికైనా ఆగిపోవడానికైనా కారణాలు ఈ సీమ బయటే ఉన్నాయి.

ఆ 1860వ సంవత్సరమే నిర్మల్‌లో మరో కారణంగా గుర్తుంది. గోండులను, రోహిల్లాలను కూడగట్టి పోరాడిన రాంజీ గోండును అక్కడే ఉరితీశారు. ఆయనతోపాటు వెయ్యిమందిని ఒకే మర్రికి ఉరివేశారని జనం చెప్పుకుంటారు, ఆ చెట్టుకు వెయ్యి ఉరుల మర్రి అని పేరు నిలిచింది. ఒకే ఏడాది ఒకచోట నది మీద హక్కులు చేతులు మారాయి, మరోచోట కొండల్లోంచి లేచిన తిరుగుబాటును అణచేశారు. తరవాతి దశాబ్దాల్లో పాలన కొండల్లోకి ఒక్కో మెట్టు ఎక్కింది. సిర్పూర్-తాండూరుగా ఉన్న ఉపజిల్లా 1905లో ఆదిలాబాద్ జిల్లా అయింది. నిర్మల్ ఘాట్‌కు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు నిలిచింది. 1929లో కాజీపేట-బల్లార్షా రైలు మార్గం పూర్తై మద్రాసును ఢిల్లీతో కలిపింది. దాని వెంట బెల్లంపల్లి బొగ్గు, కాగజ్‌నగర్ కాగితం మిల్లుకు వెదురు, ఊరూరి నుంచి పత్తి, టేకు బయటికి కదిలాయి. సరుకు బయటికి పోయే దారిలోనే మనుషులు లోపలికి వచ్చారు. జోడేఘాట్‌లో 1940లో గోండు తిరుగుబాటు నాయకుడు కొమురం భీం నేలకొరిగాక, అసలేం జరిగిందో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన గమనించిన వాటిలో ముఖ్యమైనది ఇదే: రైలూ రోడ్డూ వచ్చి మైదానాలతో రాకపోకలు పెరిగేకొద్దీ బయటి రైతులు, వడ్డీ వ్యాపారులు కొండ భూముల మీదికి వచ్చారు. పట్టా అంటే ఏమిటో తెలియని గోండులు, కోలాములు తాము దున్నిన భూమిలోనే పరాయివాళ్లయ్యారు. రోడ్డు తనంత తాను ఎవరి భూమీ లాక్కోదు. కాగితం చేతిలో ఉన్నవాణ్ణి, కాగితం లేనివాడి గడపదాకా అది తీసుకొస్తుంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. ఈ సర్కారు దారులకు ముందు ఇక్కడ దారులే లేవా? ఎద్దుల మందలతో ఉప్పు, ధాన్యం మోసిన లంబాడీలు ఏ దారిన నడిచారు? బాసర, ధర్మపురి, కాళేశ్వరం పుష్కరాలకు జనం ఎలా వచ్చారు? దారులున్నాయి, చాలా ఉన్నాయి. వాటి స్వభావం మాత్రం వేరు. ఉదాహరణకు కేస్లాపూర్ నాగోబా జాతరను తీసుకోండి. పుష్య అమావాస్యకు జరిగే ఆ జాతరకు ముందు మెస్రం వంశస్థులు కొండల మీది కేస్లాపూర్ నుంచి జన్నారం దగ్గరి హస్తినమడుగు దాకా నడిచివెళ్లి గోదావరి జలం తెస్తారు. ఇన్ని రోడ్లు వచ్చాక కూడా ఆ యాత్ర కాలినడకనే సాగుతుంది. దారిలో గూడేలు వాళ్లకు ఆతిథ్యం ఇస్తాయి. దీపావళి రోజుల్లో గుస్సాడీ నర్తకులతో కదిలే దండారీ బృందాలూ అంతే: ఒక గూడెం మరో గూడేనికి అతిథిగా వెళ్తుంది, బంధుత్వాలు కలుపుకుంటుంది. నదినీ కొండనూ కలిపే దారి ఇక్కడివాళ్లకు ఎప్పుడో తెలుసు. అది మనుషుల దగ్గరికి చేరే దారి. వాళ్ల ఊరిని మైలురాయిగా లెక్కపెట్టుకుంటూ దాటిపోయే దారిని బయటివాళ్లు వేశారు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటి. రోడ్డు లేకపోవడమే మంచిదని చెబుతున్నామా? అలా అయితే అది నగరంలో కూర్చున్నవాళ్లు పల్లెల తరఫున చేసే త్యాగం. రోడ్డు వస్తే డాక్టర్ వస్తాడు, బడి వస్తుంది, పత్తికి నాలుగు రూపాయలు ఎక్కువ ధర అడగగలుగుతారు. సింగరేణి గనులు ఎన్నో కుటుంబాలకు ఇంత అన్నం పెట్టాయి. హైమన్‌డార్ఫ్ కూడా కొండల్ని అద్దాల పెట్టెలో పెట్టమని అనలేదు. మార్లవాయిలో ఉండి గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించాడు, పట్టాల పంపిణీకి దారి చూపాడు, కేస్లాపూర్ జాతరలో అధికారులు వచ్చి గోడు వినే దర్బారు మొదలవడానికి కారకుడయ్యాడు. ఆ పనులన్నిటికీ రాకపోకలు కావాలి. ఈ వాదనతో పేచీ లేదు. పైగా మన మాటకు అదే ఆధారం. డాక్టర్‌ను, టీచర్‌ను తెచ్చేది గూడెం దాకా వేసిన చిన్న రోడ్డు, వాగు మీద కట్టిన చిన్న వంతెన. నాగపూర్ లారీని గంట ముందు చేర్చే రోడ్డు ఆ పని చేయదు. వారణాసిని కన్యాకుమారితో కలిపిన ఏడో నంబరు జాతీయ రహదారి పాత ఆదిలాబాద్ జిల్లా మీదుగానే పోయింది, తరవాత దాని నంబరు 44 అయింది, నాలుగు వరుసలుగా వెడల్పైంది. అదే జిల్లాలో వానాకాలం వాగు పొంగితే నిండు గర్భిణిని మంచం మీద మోసుకొచ్చే వార్త ఏటా ఏదో ఒక పత్రికలో కనిపిస్తూనే ఉంది. పెద్ద రోడ్డు వచ్చిన కొన్నాళ్లకు చిన్న రోడ్డు దానంతట అదే వస్తుందన్న నమ్మకాన్ని ఈ సీమ అనుభవం బలపరచదు.

కవ్వాల్ అడవి విషయంలో ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 1965లో అభయారణ్యంగా, 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన ఈ అడవి గుండా జన్నారం వైపు రోడ్డు పోతుంది. రాత్రిపూట వాహనాలను చెక్‌పోస్టుల దగ్గర ఆపడం మీద స్థానికుల్లో కోపం ఉంటూ వచ్చింది. ఒకప్పుడు దారి లేకుండా ఉంచారు, ఇప్పుడు ఉన్న దారికి గొలుసు వేస్తారా అన్నది వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. రాత్రి వాహనం కింద జింక పడకూడదన్న మాట ఎంత నిజమో, ఆ నియమం భారం మొదట జన్నారం, ఉట్నూరు వాళ్ల మీద పడుతుందన్నదీ అంతే నిజం. దీనికి పరిష్కారం అడవిని తెరిచేయడంలో లేదు, అందరినీ ఒకే గేటు దగ్గర ఆపడంలోనూ లేదు. దాటిపోయే లారీకి వేరే దారి ఉంది, అది చుట్టూ తిరిగి పోగలదు. అడవిలోని ఊరివాడికి వేరే దారి లేదు. నియమం రాసేటప్పుడు ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టడమే అసలు తప్పు.

మరి విహారానికి వచ్చే కారు ఏ లెక్కలోకి వస్తుంది? అది ఎటైనా చేరవచ్చు. నాలుగు వరుసల రహదారి వచ్చాక సరుకు రవాణా పాత ఘాట్ రోడ్డును వదిలి చదునైన దారి పట్టింది. వ్యాపారానికి అక్కర్లేకుండా పోయిన మలుపులే ఇవాళ చూడదగ్గ చోట్లయ్యాయి. ఇక్కడి అడవి ఇంకా పచ్చగా మిగలడానికీ ఆ నిదానమే కారణం: నది దారి ఆగిపోయింది, కొండ దారి ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినవాళ్లు ఇక్కడివాళ్లు, ఆనందిస్తున్నవాళ్లు మనం. కుంటాల దగ్గర అరగంట ఆగి, చిప్స్ ప్యాకెట్లు పారేసి, ఫొటోలతో తిరిగిపోతే మనం కూడా పత్తి బండి పోయిన దారినే పోతున్నట్టు. ఉట్నూరులో ఒక పూట ఉండి, అక్కడి అంగట్లో కొనుక్కుని, జోడేఘాట్ మ్యూజియంలో పేర్లు చదివి, రాత్రి గేటు మూస్తే గొణగకుండా ఆగితే చేరుకునే దారిన వచ్చినట్టు. ప్రభుత్వానికి చెప్పవలసింది మరీ చిన్న మాట. ఈ కొండల్లో రోడ్ల మీద పెట్టే డబ్బు ఇంతవరకూ నడిచిన వరుసను తిరగేయాలి. ఘాట్ మలుపులో వ్యూ పాయింట్ కట్టే ముందు, వానాకాలంలో గూడేన్ని విడదీసే వాగు మీద వంతెన కట్టాలి.