ఐస్‌లాండ్‌లో భూగర్భ ఉష్ణశక్తి

ఐస్‌లాండ్ ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రంలోని ఒక చిన్న ద్వీప దేశం. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఒకదానినుండి మరొకటి దూరంగా జరుగుతున్న చోట ఉన్నందున ఇక్కడ అగ్నిపర్వతాలు, వేడినీటి ఊటలు ఎక్కువ. పూర్వం ప్రజలు ఈ నీటిని స్నానానికి, బట్టలు ఉతకడానికి వాడేవారు. 1930లో రాజధాని రెయిక్యావిక్‌లో ఊటనీటిని గొట్టాల ద్వారా ఒక పాఠశాలకు, కొన్ని ఇళ్ళకు అందించి గదులను వెచ్చపరచారు. 1973 చమురు సంక్షోభం తరువాత ఈ విధానం దేశమంతటా విస్తరించింది. ప్రస్తుతం సుమారు 90% ఇళ్ళకు వెచ్చదనం ఇదే ఇస్తున్నది. భూగర్భంనుండి వచ్చే ఆవిరితో విద్యుత్తును కూడా ఉత్పత్తి చేస్తారు.

అయితే ఈ వేడికి మూలమైన అగ్నిపర్వతాలే దీనికి ముప్పు కూడా. 2024 ఫిబ్రవరిలో స్వార్ట్‌సెంగి కేంద్రంనుండి వెళ్ళే ప్రధాన వేడినీటి గొట్టాన్ని లావా ధ్వంసం చేసింది. దానితో రెయిక్యానెస్ ద్వీపకల్పంలో 20 వేలకు పైగా ప్రజలు కొన్ని రోజులపాటు గడ్డకట్టే చలిలో వేడినీరు లేకుండా గడపవలసి వచ్చింది.