కందకములలోని నవ్వు

పాత సైనికులు ఒకచోట కూడినప్పుడు వారి మాటలలో యుద్ధము కంటె నవ్వే ఎక్కువగా వినవచ్చును. ఉప్పులేని పప్పు, బురదలో పోయిన బూటు, కోపిష్ఠియైన హవల్దారు - ఇవియే వారి ప్రసంగవిషయములు. ప్రక్కన నిలిచి మరణించిన మిత్రుని పేరు ఆ కథ నడుమ ఒక్కసారి వచ్చి, వెంటనే మరొక వేళాకోళములో కలిసిపోవును. వినువారికి ఇది కాలక్షేపముగా తోచును. కాని మొదటి ప్రపంచయుద్ధమున సైనికులు వ్రాసికొన్న కొన్ని కాగితములను చూచినచో, నోట చెప్పరాని దుఃఖమును చెప్పుకొనుటకు వారికి మిగిలిన మార్గము ఆ నవ్వే అని బోధపడును.

బెల్జియములోని ఈప్ర్ పట్టణము 1914 నుండి నాలుగేండ్లు ఫిరంగిదెబ్బలు తిని శిథిలమయ్యెను. ఆ పేరు నోరు తిరుగక ఆంగ్లసైనికులు దానిని ‘వైపర్స్’ అనుచుండిరి. 1916 ఆరంభమున షెర్‌వుడ్ ఫారెస్టర్స్ దళములోని పన్నెండవ పటాలమువారికి ఆ శిథిలములలో ఒక అచ్చుయంత్రము దొరకెను. వారిలో ఒక సార్జెంటు పూర్వము అచ్చుపని చేసినవాడు, దానిని బాగుచేసెను. కాప్టెన్ రాబర్ట్స్ సంపాదకుడుగా, లెఫ్టినెంట్ పియర్సన్ ఉపసంపాదకుడుగా ఫిబ్రవరి 12వ తేదీ సంచికతో ‘వైపర్స్ టైమ్స్’ ప్రారంభమయ్యెను. కోటగోడ క్రింది నేలమాళిగయే కార్యాలయము. అక్షరములు చాలవు గనుక ఒక్కొక్క పుటనే కూర్చి, అచ్చువేసి, విడదీసి, మరల కూర్చవలసి వచ్చెడిది.

ఆ పత్రికలోని ప్రకటనలే ఒక వినోదము. హిల్ 60 అను గుట్టకై వేలాదిమంది ప్రాణములు విడిచిరి. ఆ గుట్టమీద ఇండ్లస్థలములు అమ్మకమునకు కలవనియు, గాలి ధారాళమనియు, అచటినుండి ఊరు చక్కగా కనబడుననియు ఒక ప్రకటన. ఆశావాదమను జబ్బు గలవారిని తమయొద్ద రెండు దినములు ఉంచుకొని నిశ్శేషముగా నయము చేయుదుమని వేరొకటి. కవిత్వము సేనలో అంటువ్యాధివలె వ్యాపించినదనియు, కవులు అప్పుడప్పుడు వచనము కూడ పంపవలెననియు సంపాదకుని మొర. మన పత్రికాసంపాదకులకు ఈ మొర క్రొత్త కాదు.

వ్రాసినవారును, చదివినవారును ఒకే కందకమువారు. ఒక సంచికకు నవ్వినవారిలో కొందరు తరువాతి సంచికకు మిగులలేదు. 1918 డిసెంబరులో ‘బెటర్ టైమ్స్’ అను పేర చివరి సంచిక వెలువడెను. విజయమునకు సంబరపడవలసిన ఆ సమయమున సంపాదకుడు హాస్యమును కొంత ప్రక్కకు బెట్టి, యుద్ధవైభవమును గూర్చిన భ్రమలు తమకు తొలగినవనియు, మానవజాతికి యుద్ధమును మించిన అనర్థము లేదనియు వ్రాసెను. అన్నాళ్లు నవ్వినవాడు వ్రాసినందుననే ఆ మాటకు బరువు హెచ్చినది.

ఆ ఈప్ర్ ప్రాంతముననే 1914 అక్టోబరులోను, 1915 ఏప్రిల్‌లోను భారతీయ సైనికులు పోరాడిరి. వారికి ఇట్టి పత్రిక లేదు; ఇంటికి వ్రాయు ఉత్తరములే దిక్కు. వానిని సెన్సారు అధికారులు చదువుచుండిరి. కావున కొందరు వంటింటి మాటలను ఆశ్రయించిరి. నల్లమిరియములనగా భారతీయ సైనికులు, ఎఱ్ఱమిరపకాయలనగా తెల్లవారు. మిరియములు ఎంత ఖర్చయినవో వ్రాసినచో ఇంటివారు ప్రాణముల లెక్క గ్రహింపవలెను. సెన్సారువారును గ్రహించిరి, తమ నివేదికలలో ఆ వాక్యములను ఎత్తి వ్రాసికొనిరి. ఆ నివేదికలు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రముగా ఉన్నవి. అనుమానించినవారి చేతిమీదుగానే ఆ చమత్కారము మనదాక వచ్చినది.

1927లో ఈప్ర్‌లో ఆవిష్కరింపబడిన మెనిన్ ద్వారముమీద, సమాధి యెచ్చటనో తెలియని 54,000 మందికి పైగా సైనికుల పేర్లు చెక్కబడినవి. వారిలో భారతీయులును కలరు. రాయి పేరును నిలుపును. ఆ పేరుగలవాడు ఏమని తోడివారిని నవ్వించెనో అది చెప్పజాలదు. ఆ సంగతి తోటివాని నోటనే నిలువవలెను. పశ్చిమగోదావరి జిల్లాలోని మాధవరము వంటి తెలుగుగ్రామములనుండి రెండు ప్రపంచయుద్ధములకును జనులు తరలివెళ్లిరి. వారి కథలు విన్న కొడుకులు, మనుమలు నేడు తామే వృద్ధులగుచున్నారు. తాత నవ్వుచు చెప్పిన ముచ్చటను ఏటితో, ఊరితో, దాని నడుమ ఒక్కసారి వినబడిన ఆ మిత్రుని పేరుతో వారు వ్రాసి యుంచవలెను.