పోరుమామిళ్ళ శాసనం: పూర్తధర్మమూ, పనుల ఒడంబడికా

కడప జిల్లా పోరుమామిళ్ళలో భైరవాలయం ఎదుట నిలిపిన రెండు శిలాఫలకాలపై ఒక సంస్కృత శాసనం ఉన్నది. కాలం శకవర్షం 1291, సౌమ్య నామ సంవత్సర కార్తీక మాసం, అనగా క్రీ.శ. 1369. మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి రాజ్యపాలకుడు అయిన భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమనే తటాకాన్ని నిర్మింపజేసిన వృత్తాంతం అది. వంశస్తుతి, పుణ్యఫల కీర్తనం ఏ దానశాసనంలోనైనా కనిపించేవే. ఈ శాసనం వాటితో ఆగలేదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువును చెరచే ఆరు దోషాలను వరుసగా పేర్కొని, పనికి పట్టిన జనాన్నీ, బండ్లనూ, కాలాన్నీ లెక్క చెప్పింది.

వైదిక సంప్రదాయంలో యజ్ఞయాగాదులు ఇష్టమనీ, వాపీ కూప తటాక దేవాలయ నిర్మాణాలు పూర్తమనీ వ్యవహారం. సప్తసంతానాలలో తటాకం ఒకటి. ఇష్టకర్మలో వైకల్యం కలిగితే ప్రాయశ్చిత్త విధానం ఉన్నది. తెగిన కట్టకు అటువంటి వెసులుబాటు లేదు. క్రింది పొలాలూ, పశువులూ, ఊరూ ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోతాయి. పూర్తధర్మంలో శ్రద్ధ ఎంత ముఖ్యమో పరీక్షా అంతే ముఖ్యమని శాసనకర్త ఎరిగినట్లు కనిపిస్తుంది.

పన్నెండు అంగాలలో మొదటిది ధర్మపరుడు, ధనవంతుడు, కీర్తికాముడు అయిన ప్రభువు. రెండవది పాథశ్శాస్త్రం, అంటే జలశాస్త్రం, ఎరిగిన బ్రాహ్మణుడు. గట్టి బంకనేల, మూడు యోజనాల దూరం నుండి వచ్చే తీయని నీటి నది, రెండు ప్రక్కల ఆనుకొన్న కొండలు, వాటి నడుమ మరీ పొడవు కాని దృఢమైన రాతికట్ట, లోతూ విశాలమూ గల గర్భం, దాపున నిడుపాటి రాళ్ళు దొరికే గని, క్రింద సమతలమైన సారవంతపు భూములు ఆ తరువాత వస్తాయి. చివరి అంగం పనితనం ఎరిగిన కూలిజనం. రాజుతో మొదలైన జాబితా కూలివానితో ముగియడం గమనింపదగినది. ధనం, శాస్త్రం, స్థలం, సామగ్రి, శ్రమ, వీటిలో ఏది లోపించినా పని చేపట్టరాదన్నమాట. నేటి అంచనా పత్రాలలోనూ అడిగేది ఇంతకు మించి లేదు.

దోషాల పట్టిక ఇంకా సూక్ష్మమైనది. కట్ట నుండి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, నడుమ కూర్మాకారంగా మెరక లేవడం, కొద్ది నీటికి విస్తార ఆయకట్టు, విస్తార జలానికి చాలని భూమి. మూడవది ఇంజనీరు చూపుకు అందని దోషం. ఇద్దరు ప్రభువుల పొలిమేరలో చెరువు తెగితే మరమ్మతు ఎవరిదన్న వివాదం తేలేలోగా గర్భం ఎండిపోతుంది. దీన్ని రాతిలో చెక్కించినవారు అటువంటి తగవును కళ్ళారా చూసినవారే కావచ్చు.

పని రెండేళ్ళు సాగింది. నిత్యం వేయిమంది కూలీలు, రాతిపనికి నూరు బండ్లు పనిచేశాయని శాసనం చెబుతుంది. ప్రభువు చేసిన వ్యయానికి ఆధారం అందరి ముందూ నిలబడి ఉన్నది, చదవగలిగినవాడెవడైనా సరిచూడవచ్చు.

అయితే చెరువు కట్టిననాటితో పూర్తధర్మం తీరదు. ఏటా పూడిక చేరుతుంది, తూము అరుగుతుంది. ఈ చిక్కును కౌటిల్యుడు ముందే ఆలోచించాడు. అర్థశాస్త్రం క్రొత్త సేతువు కట్టినవానికి ఐదేళ్ళు, శిథిలమై విడిచిపెట్టినదాన్ని బాగుచేసినవానికి నాలుగేళ్ళు పన్ను మినహాయిస్తుంది. ఆపద లేకుండా ఐదేళ్ళు పనిలో పెట్టని సేతువుపై యజమానికి స్వామ్యం పోతుంది. మాట ఇచ్చిన కాలానికి పని ముగించని శిల్పికి వేతనంలో పాతిక కోత, దానికి రెట్టింపు దండన.

రాయలసీమలో ఈ ఆలోచన దశబంధంగా వేళ్ళూనింది. చెరువు త్రవ్వినవానికి, లేదా తెగినదాన్ని నిలబెట్టినవానికి, దాని క్రింది భూమిలోనో ఫలంలోనో పదవ భాగం వంటి హక్కు ఇచ్చేవారు. మరమ్మతు భారం అతనిదే. నీరు నిలిచినంతకాలమే అతని భాగం పండుతుంది. కట్ట తెగితే తొలి నష్టం అతనిదే. నేటి టెండరులో పని ముగిసిన తరువాత కొంతకాలమే లోపాలకు గుత్తేదారు బాధ్యుడు. దశబంధందారునికి ఆ గడువు తరతరాలది. ఆంగ్లేయుల ఇనాం కమిషన్ లెక్కలలోనూ ఈ ఇనాములు నమోదయ్యాయి.

ఆ కాలంలోనే కర్నూలు ప్రక్కన వేరొక తీరు ఒప్పందం వచ్చింది. 1858లో ఏర్పడిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, సేద్యానికీ పడవల రాకపోకలకూ కడప వరకు కాలువ తెచ్చే పని చేపట్టింది. పది లక్షల పౌండ్ల మూలధనంపై ఐదు శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీపడింది. నీరు పారినా పారకపోయినా వాటాదారునికి ఆ ఐదు శాతం తప్పదు. లోటు ఖజానాది, అనగా ప్రజలది. కాలువ కడప చేరకముందే ఆ ధనం చాలక ప్రభుత్వమే అప్పిచ్చి ఆదుకొన్నది. నల్లరేగడిలో మెట్టపైర్లకు అలవాటుపడిన రైతులు సుంకం చెల్లించి నీరు తీసుకోవడానికి ముందుకు రాలేదు. శాసనం చెప్పిన ఆరవ దోషానికి ఇదొక వికృతరూపమనవచ్చు: నీరున్నది, దాన్ని కోరే భూమి లేదు. 1876-78 మహాక్షామంలో మాత్రం అదే కాలువ ఒడ్డున నీటికి గిరాకీ పుట్టింది. ఆ వర్షాభావం తీరాక కంపెనీ మళ్ళీ నష్టాలలోనే పడింది. 1882లో ప్రభుత్వం కాలువను కొనివేసింది. కె.సి. కాలువ నేటికీ పారుతున్నది. అనంతరాజసాగరం క్రింద కూడా నేటికీ మళ్ళు తడుస్తున్నాయి.