ఇంట్లో బిగించుకునే యాంప్లిఫయర్

ఫోను, టేపు రికార్డరు వంటివి ఇచ్చే బలహీనమైన సంకేతాన్ని స్పీకరు మోగేంత శక్తికి పెంచే పరికరం. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు వాసులకు విడిభాగాలు విరివిగా దొరికే పెద్ద అంగడి చెన్నై రిచీ స్ట్రీట్.

కొత్తగా నేర్చుకునేవారికి టీడీఏ 2030 ఐసీ అనువైనది. ±14 వోల్టులతో 4 ఓంల స్పీకరుకు సుమారు 14 వాట్లు ఇస్తుంది. ±18 వోల్టులు దాటితే చెడిపోవచ్చు. 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు, బ్రిడ్జి డయోడ్లతో లోడు లేకుండానే ±16 వస్తుంది. ఇంటి కరెంటు 230 నుంచి 260 వోల్టులకు ఎగబాకితే ఆ హద్దు దాటిపోతుంది. వోల్టేజీ నిలకడలేని ఊళ్లకు 9-0-9 వాడటమే క్షేమం, శబ్దం కాస్త తగ్గినా సరే.

ఐసీ వెనక రేకు నెగెటివ్ సరఫరాకు కలిసి ఉంటుంది. మైకా పలక వేయకుండా ఇనుప డబ్బాకు బిగిస్తే షార్టవుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో హీట్ సింకు విషయంలో పిసినారితనం పనికిరాదు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 వాట్ల ఫిలమెంటు బల్బును ట్రాన్స్‌ఫార్మరుకు వెళ్లే కరెంటు తీగలో సీరీస్‌గా పెట్టాలి. ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. దేదీప్యంగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉన్నట్టు. స్పీకరు తగిలించేముందు అవుట్‌పుట్ వద్ద డీసీ కొలవాలి. అది కొన్ని పదుల మిల్లీవోల్టులు మించకూడదు. ఒకవైపు సరఫరా తెగితే పూర్తి వోల్టేజీ స్పీకరు మీద పడి కాయిల్ మాడుతుంది.

గుయ్‌మనే మోత వస్తే ఇన్‌పుట్‌ను ఎర్తుకు కలిపి చూడాలి. మోత ఆగితే లోపం ఇన్‌పుట్ తీగలోనో, దానికి తగిలించిన పరికరంలోనో ఉన్నట్టు. ఆగకపోతే ఎర్తు తీగలన్నీ ఫిల్టరు కెపాసిటర్ల నడిమి బిందువు దగ్గరే కలిశాయో లేదో వెతకాలి.