పసుపు గెలిచిన కేసు, గెలవని కేసు

గాయానికి పసుపు అద్దడం గురించి రాసేవారు చరక, సుశ్రుతుల దగ్గర మొదలుపెట్టడం రివాజు. ఆ దారి అందరూ నడిచిందే. 1815లో వోగెల్, పెల్లెటియే అనే శాస్త్రవేత్తలు పసుపులోని రంగుపదార్థం కర్క్యుమిన్‌ను వేరుచేశారు. దాని నిర్మాణం 1910లో తేలింది. అది స్టెఫైలోకాకస్ ఆరియస్ వంటి సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకుంటుందని 1949లో ‘నేచర్’ పత్రిక ప్రచురించింది.

అక్కడినుంచి కథ ఒక్క గెంతులో 1997కి దూకుతుంది. అమెరికాలో పసుపు కేసు గెలిచాం కాబట్టి దాని ఔషధగుణం రుజువైపోయిందంటారు. నా పేచీ ఇక్కడే. 1995 మార్చిలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పసుపుతో గాయాలు మాన్పే పద్ధతిపై పేటెంట్ దక్కింది. భారత ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్. దాన్ని సవాలు చేసింది. సంస్కృత గ్రంథాలు, 1953 నాటి భారతీయ వైద్యపత్రికలోని వ్యాసం సహా 32 ఆధారాలు ముందుపెట్టింది. 1997 ఆగస్టులో పేటెంట్ రద్దయింది. మంచి విజయమే, సందేహం లేదు. కాని అక్కడ తేలింది ‘ఇది కొత్తదా, పాతదా’ అన్నదొక్కటే. ఎంత మోతాదులో పనిచేస్తుంది, ఎవరికి హాని చేస్తుంది అన్నవి ఆ విచారణకే రాలేదు.

వాటికి జవాబు ప్రయోగశాలలోనే వెతకాలి. పెట్రీ పళ్లెంలో కర్క్యుమిన్ సూక్ష్మజీవిని నేరుగా తాకుతుంది. మింగితే అలా కుదరదు. అది నీళ్లలో కరగదు, పేగులోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాములు మింగించి చూస్తే రక్తంలో దాదాపు జాడే లేదు. ఆ 2 గ్రాముల కోసం వంటింటి పసుపు 60 గ్రాములకు పైగా కావాలి. ఏ పులుసులోనూ అంత వేయరు. పైగా కర్క్యుమిన్ అస్థిరం, పరీక్షల ఫలితాలనే తారుమారు చేయగలదని 2017లో రసాయనవేత్తలు హెచ్చరించారు. పైపూతకు ఈ అభ్యంతరాలన్నీ అంతే బలంగా వర్తించవు, ఒప్పుకుంటాను.

అదే బెంగళూరు ప్రయోగంలో మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే శోషణ సుమారు 20 రెట్లు పెరిగింది. నేటి పసుపు కాప్స్యూల్ వ్యాపారానికి అదే పునాది. భద్రతకు తరతరాల వంటను సాక్ష్యం చూపి, సత్తాకు వంటలో లేని మోతాదును చూపడం నాకు నిజాయితీగా తోచదు. అమెరికాలో పసుపు ఉత్పత్తులతో కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలు 2022లో వెలువడ్డాయి, ఒకరు చనిపోయారు. ఏడుగురిలో ఒకే జన్యు లక్షణం కనిపించింది, అంటే ముప్పు అందరికీ సమానం కాదు. పది కేసులతో పసుపును దోషిని చేయలేం. కాని కామెర్లతో వచ్చిన రోగిని ‘ఏ మందులు వాడుతున్నారు?’ అని డాక్టరు అడిగితే ఈ కాప్స్యూల్ పేరు చాలామంది చెప్పరు. వాళ్ల లెక్కలో అది మందే కాదు మరి.