ప్రాణం దక్కిన తరువాతి ప్రశ్న

ప్రోస్టేట్ కేన్సర్ రోగుల కోసం డాక్టర్ పాట్రిక్ వాల్ష్, జానెట్ ఫేరర్ వర్తింగ్టన్‌తో కలిసి రాసిన మార్గదర్శక గ్రంథాన్ని ఇటీవల మళ్లీ చదివాను. దాని వెనుక ఉన్న చరిత్ర తెలిస్తే ఆ పుస్తకం విలువ మరింత బోధపడుతుంది.

1904లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్ కేన్సర్ సోకిన ప్రోస్టేట్ గ్రంథిని సమూలంగా తొలగించాడు. అయినా 1970ల దాకా ఈ శస్త్రచికిత్స అంటే వైద్యులకే జంకు. గ్రంథి ముందున్న సిరలు తెగి రక్తం మడుగు కట్టేది. బతికి బయటపడినవారిలో దాదాపు అందరూ లైంగిక శక్తి కోల్పోయేవారు. కొందరికి మూత్రంపై అదుపు తప్పేది.

వాల్ష్ మొదట ఆ రక్తస్రావాన్ని అదుపు చేసే పద్ధతి కనిపెట్టాడు. 1981లో హాలండ్‌లోని లైడెన్ నగరంలో, పదవీ విరమణ చేసిన పీటర్ డోంకర్ మృతశిశువు దేహంలో మూత్రాశయ నాడులను వెతుకుతుండగా ఆయనను కలిశాడు. లైంగిక శక్తికి ఆధారమైన నాడులు గ్రంథి లోపల లేవు, దాని పొర వెలుపల ఉన్నాయని ఇద్దరూ గుర్తించారు. అంటే అప్పటివరకు అనివార్యమనుకున్న నష్టం చాలావరకు తెలియక చేసిన గాయమే! మరుసటి ఏప్రిల్‌లో వాల్ష్ ఆ నాడులను కాపాడుతూ శస్త్రచికిత్స చేశాడు.

తరువాతి అధ్యాయంలో మన తెలుగువారి పేరూ ఉంది. రాజ్ వట్టికూటి దంపతుల విరాళంతో డిట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో వెలసిన సంస్థలో, మణి మీనన్ బృందం రోబో సహాయంతో చేసే పద్ధతికి రూపమిచ్చింది. రక్తనష్టం తగ్గింది. కానీ ఆస్ట్రేలియాలో రెండు పద్ధతులనూ పోల్చిన పరీక్షలో, రెండేళ్ల తరువాత మూత్రంపై అదుపులోగాని లైంగిక శక్తిలోగాని చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2023లో వెలువడిన బ్రిటిష్ అధ్యయనం మరో మెట్టు పైకి వెళ్లింది: గ్రంథి దాటని కేన్సర్‌లో శస్త్రచికిత్స, రేడియేషన్, కేవలం పరిశీలన, ఏ దారి పట్టినా 15 ఏళ్లలో ఆ వ్యాధితో మరణించినవారు సుమారు 3 శాతమే.

ఇక్కడ అబుదాబిలో నన్ను కలిసే మనవారు ఎన్ని రోజుల సెలవు కావాలో, ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుందో అడుగుతారు. మిగతాది అడగడానికి మొహమాటం. వాల్ష్ స్వయంగా సర్జన్ కనుక పుస్తకం కత్తి వైపే కొంత మొగ్గుతుంది. అయినా ఆ మొహమాటాన్ని వదిలించడమే దాని గొప్పతనం. సంతకం పెట్టేముందు భార్యాభర్తలిద్దరూ చదవండి. తరువాత సర్జన్‌ను అడగండి: ‘ఇప్పుడే తప్పదా? మీరు ఎన్ని చేశారు? ఏడాది తరువాత వారు ఎలా ఉన్నారు?’